ఉత్తర తెలంగాణలో అడవి గిట్టజంతువులు: వధ, చట్టం, రక్షణ

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో మనుషుల చేతిలో చచ్చే పెద్ద అడవి జంతువుల్లో చాలాభాగం గిట్టలున్నవే: చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, కృష్ణజింక, నాలుగు కొమ్ముల జింక, అడవిపంది. కొన్నిటిని మాంసం కోసం చంపుతారు, కొన్నిటిని పంట కాపాడుకోవడానికి చంపుతారు. చాలాసార్లు ఈ రెండు కారణాలూ ఒకే రాత్రి ఒకే చేను గట్టు మీద కలిసిపోతాయి. పులి చనిపోతే పత్రికల్లో మొదటి పేజీ వార్త అవుతుంది. దుప్పి చనిపోతే జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు వస్తాయి. అయినా పులి ఈ అడవుల్లో నిలబడుతుందా లేదా అన్నది తేల్చేది దుప్పుల సంఖ్యే.

మేసే అడవి జంతువులను వధ నుంచి చట్టంతో కాపాడటం అనగానే ప్రపంచంలో చాలామందికి అమెరికా అడవి గుర్రాలు గుర్తుకొస్తాయి. తెలంగాణలో అడవి గుర్రాలు లేవు. భారతదేశంలో గుర్రం కుటుంబానికి చెందిన నిజమైన వన్యజాతులు రెండే: గుజరాత్‌లోని చిన్న రణ్‌లో తిరిగే అడవిగాడిద, లద్దాఖ్ పీఠభూమిలోని కియాంగ్. అస్సాంలోని డిబ్రూ-సైఖోవా దీవుల్లో తిరిగే గుర్రాల మందలు పెంపుడు గుర్రాల సంతతి; యజమానులు లేక అడవి పాలయినవి. గోదావరి, ప్రాణహిత నదుల మధ్య అడవుల్లో గుర్రం జాతివి లేకపోయినా, మేత భూమి కోసం రైతుతో పోటీ పడేవీ, ఆ పోటీలో ఓడిపోయేవీ ఉన్నాయి. వాటి కథే ఈ వ్యాసానికి విషయం.

ప్రాంతం, జంతువులు

2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణలో పాత ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయింది. పాత కరీంనగర్‌లోని ఎక్కువభాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలయింది. రెంటినీ గోదావరి వేరుచేస్తుంది. ఉత్తరాన టేకు, వెదురు కలిసిన ఆకురాల్చు అడవి దట్టంగా ఉంటుంది. దక్షిణాన మంథని వైపు మినహా గుట్టలు, చెరువులు, పొలాల మధ్య తునకలుగా మిగిలింది. అందువల్ల రెండు వైపులా సమస్య ఒక్కటి కాదు. ఉత్తరాన జంతువు అడవిలోంచి చేనులోకి వస్తుంది. దక్షిణాన చాలాచోట్ల అది చేను మధ్యనే పుట్టి అక్కడే బతుకుతుంది.

చుక్కల దుప్పి నీటికి దగ్గరగా, గడ్డి మైదానం అంచున గుంపులుగా తిరుగుతుంది. కణితి దట్టమైన అడవిని, కొండవాలును కోరుకుంటుంది. రాత్రి మేతకు దిగుతుంది. ఆసియాలోని జింకపోలికల జాతుల్లో అతిపెద్దదైన మనుబోతు పొదలడవిలోనూ, పంట పొలాల్లోనూ సమానంగా సర్దుకుంటుంది. మగది నీలిబూడిద రంగులో, వెనుకవైపు వాలిన వీపుతో దూరం నుంచి గుర్రంలానే కనిపిస్తుంది. కృష్ణజింకకు చదునైన బయలు కావాలి. ప్రాణహిత ఒడ్డు మైదానాలు దానికి తగిన చోటు. నాలుగు కొమ్ముల జింక ఒంటరిగానో జంటగానో పొదల్లో దాగి ఉంటుంది. నాలుగు కొమ్ములుండే వన్య ఖురజీవి ప్రపంచంలో ఇదొక్కటే, అవి కూడా మగదానికే. అడవిదున్న కనిపించడం అరుదు. అడవిపంది లేని మండలం లేదు.

నిజాం కాలం నుంచి

హైదరాబాద్ సంస్థానంలో వేట రెండు రకాలుగా సాగింది. నవాబులు, జాగీర్దార్లు, బ్రిటిష్ అతిథులు షికారు కోసం వచ్చేవారు. వారికి అడవి ఉద్యోగులు ఏర్పాట్లు చేసేవారు, ఊళ్ళ జనం డప్పులతో జంతువులను తోలేవారు. గోండులు, కోలాములు, నాయకపోడులు తిండి కోసం, పంట కాపు కోసం విల్లు, వల, కుక్కలతో వేటాడేవారు. సర్కారు రిజర్వు అడవుల హద్దులు బిగించేకొద్దీ మొదటిది హోదాగా మిగిలింది, రెండోది నేరమయింది. అడవి, నీరు, భూమి మీద హక్కు కోరుతూ కుమ్రం భీం నడిపిన తిరుగుబాటు 1940లో జోడేఘాట్ వద్ద తుపాకుల మధ్య ముగిసింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకునేందుకు మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి చేసిన అధ్యయనం 1948లో పుస్తకంగా వచ్చింది. అటవీ సంరక్షణ అంటే ముందుగా గుర్తుకొచ్చేది అటవీ ఉద్యోగి జులుమే అన్న భావన ఆదిలాబాద్‌లో అప్పటి నుంచి పూర్తిగా పోలేదు. ఇప్పటి రక్షణ చర్యల మీద వచ్చే వివాదాలన్నిటికీ ఈ జ్ఞాపకం అడుగున ఉంది.

స్వాతంత్ర్యం తరువాత జీపు, టార్చిలైటు, లైసెన్సు తుపాకి వచ్చాయి. రాత్రి రోడ్డు మీద దీపం వెలుగుకు నిలబడిపోయిన దుప్పిని కాల్చడానికి నైపుణ్యం అక్కర్లేదు. అడవుల నరికివేత, సాగు విస్తరణ కూడా తోడై, 1970ల నాటికి పులితో పాటు దాని ఆహారమూ తరిగిపోయింది.

చట్టం ఏం చెబుతుంది

వన్యప్రాణుల సంరక్షణ చట్టాన్ని పార్లమెంటు 1972లో చేసింది. వేట అనే మాటను ఆ చట్టం చాలా విశాలంగా నిర్వచించింది: చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తోలడం, గాయపరచడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. కాబట్టి ఉచ్చులో ఏదీ పడకపోయినా, ఉచ్చు పెట్టినవాడు నేరం చేసినట్టే. మొదట్లో కొన్ని జాతులను లైసెన్సుతో వేటాడే వెసులుబాటు ఉండేది. 1991 సవరణ దాన్ని తీసేసింది. అప్పటి నుంచి ఈ దేశంలో వినోదం కోసం చట్టబద్ధంగా చేసే వేట లేదు.

2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్ళను నాలుగుకు కుదించింది. కృష్ణజింక, చింకారా, నాలుగు కొమ్ముల జింక, అడవిదున్న మొదటి షెడ్యూలులో ఉన్నాయి. గుజరాత్ అడవిగాడిద కూడా అందులోదే. చుక్కల దుప్పి, మనుబోతు, అడవిపంది రెండో షెడ్యూలులోవి. మొదటి షెడ్యూలు జంతువును చంపితే, లేదా ఏ జంతువునైనా అభయారణ్యంలో వేటాడితే, మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. మిగతావాటికి మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. శిక్షల తేడా ఇంత ఉండటంతో పట్టుబడిన మాంసం ఏ జంతువుదో తేల్చడం కేసుకు ఆయువుపట్టు అవుతుంది.

చట్టం 39వ సెక్షన్ ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. చచ్చినా, దాని మాంసం, చర్మం, కొమ్ములు ప్రభుత్వానివే. వేటకు వాడిన వాహనం, ఆయుధం, ఉచ్చు కూడా. ప్రమాదవశాత్తు రోడ్డు మీద బండి తగిలి చచ్చిన దుప్పిని ఇంటికి తీసుకెళ్ళి వండుకున్నా నేరమే. పల్లెల్లో చాలామందికి నమ్మశక్యం కాని అంశం ఇదే, కొందరిని కేసుల్లో ఇరికించేదీ ఇదే.

వేట నిషేధానికి 11వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ముప్పుగా మారినా, కోలుకోలేనంత జబ్బు పడినా రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు రాతపూర్వకంగా కారణాలు చెప్పి వేటకు అనుమతించవచ్చు. రెండో షెడ్యూలు జంతువుల విషయంలో పంటకు నష్టం చేయడం కూడా కారణంగా సరిపోతుంది; కింది అధికారికీ ఆ అధికారం అప్పగించవచ్చు. ఆత్మరక్షణలో సదుద్దేశంతో చంపినవారి మీద నేరం ఉండదు, అయితే అప్పటికే వారు చట్టాన్ని అతిక్రమిస్తూ ఉండకూడదు.

2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు సాగుభూమి, చిన్నతరహా అటవీ ఫలసాయం, సామూహిక అటవీ వనరుల మీద హక్కులు గుర్తించింది. సంప్రదాయంగా అనుభవించిన ఇతర హక్కులను కూడా చేర్చుతూనే, వేటాడే హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకోవచ్చు, కుందేలును పట్టకూడదు. గోండు గూడేల్లో ఈ తేడాకు ఒప్పుదల సులువుగా దొరకదు. కానీ ఇప్పుడు పట్టుబడుతున్న మాంసంలో గూడెం పొయ్యి మీదికి పోయేదానికన్నా పట్టణానికి, దాబాకు, విందుకు పోయేదే అటవీశాఖను ఎక్కువగా కలవరపెడుతోంది.

కరెంటు తీగ

ఉత్తర తెలంగాణలో వేట పద్ధతి గత రెండు మూడు దశాబ్దాల్లో పూర్తిగా మారింది. నాటు తుపాకి చప్పుడు చేస్తుంది. వల మోయడానికి నలుగురు కావాలి. కరెంటు తీగకు చప్పుడూ ఉండదు, మనిషీ అక్కర్లేదు. చీకటి పడ్డాక వ్యవసాయ మోటారు లైను నుంచో, తెగువ ఉంటే పదకొండు వేల వోల్టుల లైను నుంచో కొక్కెం తగిలించి సన్నని ఇనుప తీగను లాగుతారు. నేలలో చిన్న కర్ర గూటాలు పాతి, తీగ కర్రకు తగలకుండా మధ్యలో గాజుసీసా మెడనో ప్లాస్టిక్ గొట్టం ముక్కనో తొడుగుతారు. తీగ ఎత్తు ఏ జంతువు కావాలో దాన్ని బట్టి ఉంటుంది. పంది కోసమైతే మోకాలి కన్నా కిందికి. వాగు దాటే చోటు, మక్కచేను మూల, వేసవిలో నీటిగుంటకు దిగే బాట – ఇవే అమర్చే చోట్లు. తెల్లవారకముందే వచ్చి తీగ చుట్టేసి, పడ్డదాన్ని ముక్కలు చేసి పంచేసుకుంటారు. పొద్దెక్కేసరికి గట్టు మీద మాడిన గడ్డి తప్ప ఏమీ ఉండదు.

తీగకు జాతులు తెలియవు. మంచిర్యాల జిల్లాలో అడవిపందుల కోసం పెట్టిన తీగలకు పులులు బలైన ఘటనలు 2016 తరువాత ఒకటికి మించి నమోదయ్యాయి. మేకలు, ఎడ్లు, రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన రైతులు కూడా ఈ తీగల మీద పడి చనిపోతున్నారు. అప్పుడు కేసు వన్యప్రాణి చట్టంతో ఆగదు. కరెంటు దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం, మనిషి చనిపోయినందుకు భారతీయ న్యాయ సంహిత కూడా వర్తిస్తాయి. తీగకు జంతువు తగిలినప్పుడు ఒక్కోసారి సబ్‌స్టేషన్‌లో లైను ట్రిప్ అవుతుంది. ఏ ఫీడరు ఏ రాత్రి ఎన్ని గంటలకు ట్రిప్ అయిందో విద్యుత్ సిబ్బంది నుంచి తెప్పించుకుంటే, గస్తీ ఎక్కడ పెట్టాలో అటవీ సిబ్బందికి తెలుస్తుంది. రెండు శాఖలు కలిసి పనిచేసిన చోట ఇది ఖర్చు లేని నిఘా.

తీగ తరువాతి స్థానం బైకు క్లచ్ వైరుతో చేసే ఉచ్చుది. మేత ముసుగులో పెట్టే నాటుబాంబు ఇంకా క్రూరమైంది. కొరికిన పంది దవడ పగిలి, రోజుల తరబడి తిండి లేక చస్తుంది. విషం సాధారణంగా గిట్టజంతువుల కోసం కాదు, వాటిని తినే పులి మీద కక్షతో పెడతారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ డివిజన్‌లో రెండు పులులు చనిపోయిన ఘటనలో దర్యాప్తు పులి చంపిన పశువు కళేబరం మీద విషం చల్లారన్న దిశగా సాగింది.

మాంసం నుంచి కోర్టు వరకు

వేట కేసులు వీగిపోవడానికి ఒక కారణం సాక్ష్యం వండినదై ఉండటం. చర్మం, కొమ్ములు, గిట్టలు వాగులో పారేసి మాంసాన్ని కూరగా మార్చాక, అది మేకమాంసమేనని నిందితుడు అంటే కాదనడానికి కంటిచూపు పనికిరాదు. ఈ చిక్కుకు పరిష్కారం హైదరాబాద్‌లోనే దొరికింది. సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ – సీసీఎంబీ – శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో ఒక పద్ధతి ప్రచురించారు. జంతుకణాల మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువులో ఒక చిన్న భాగాన్ని ప్రతి జాతి నుంచీ ఒకే జత ప్రైమర్లతో పెంచి చదవవచ్చు. ఆ భాగం జాతిజాతికీ తేడాగా ఉంటుంది. మాంసం ముక్క, ఎండిన రక్తపు మరక, వెంట్రుక ఏదైనా చాలు. ఒక్కో కణంలో మైటోకాండ్రియా వందల్లో ఉండటం వల్ల ఉడికిన, కుళ్ళిన నమూనాలోనూ చదవదగిన తునక మిగిలే అవకాశం ఎక్కువ. అత్తాపూర్‌లోని సీసీఎంబీ అనుబంధ ప్రయోగశాల లాకోన్స్‌కు దేశం నలుమూలల నుంచి ఇలాంటి నమూనాలు వస్తాయి.

అయితే ప్రయోగశాల చెప్పేది ఏ జంతువో మాత్రమే. ఎవరు చంపారో, గిన్నె ఎవరిదో, నమూనాకు సీలు వేసింది ఎవరి ఎదుటో నిరూపించాల్సింది బీటు అధికారి రాసిన పంచనామా. ఇద్దరు ఊరివాళ్ళు పంచులుగా సంతకం పెట్టి, రెండేళ్ళ తరువాత కోర్టులో నిలబడి పక్కింటివాడి మీద అదే మాట చెప్పాలి. ఎక్కువ కేసులు సడలేది ఇక్కడే. దీనికి తోడు, చట్టంలోని 54వ సెక్షన్ కింద చిన్న నేరాలను రుసుముతో పరిష్కరించే వీలుంది. 2022 సవరణ ఆ గరిష్ఠ మొత్తాన్ని 25,000 నుంచి 5 లక్షల రూపాయలకు పెంచింది. కనీస శిక్ష నిర్ణయించిన నేరాలకు ఈ దారి లేదు.

పంట వైపు నుంచి

గిట్టజంతువుల రక్షణలో బలహీనమైన భాగం రైతు నష్టం. మక్కజొన్న కంకి పాలు పట్టే రోజుల్లో ఒక్క పందుల మంద రాత్రిలో అర ఎకరం తొక్కేస్తుంది. తినేదానికన్నా విరిచేది ఎక్కువ. మనుబోతులు పెసర, శనగ లేత చిగుళ్ళను వరుసగా కొరుక్కుంటూ పోతాయి. మంచె మీద కావలి కాయడానికి ఇంట్లో మనిషి లేని రైతు ఏం చేయాలన్న ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు దరఖాస్తు. నష్టపరిహారం ఉంది, అంచనా వేయడానికి అధికారి రావాలి, ఫొటోలు, పహాణీ నకలు కావాలి. పట్టా లేని పోడు సాగుదారుకు, కౌలు రైతుకు కాగితం దగ్గరే దారి మూసుకుపోతుంది. తీగ పెట్టేవాళ్ళందరూ మాంసం వ్యాపారులు కారని ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

అడవిపంది విషయంలో తెలంగాణ ప్రభుత్వం మినహాయింపును గ్రామస్థాయికి దించింది. సర్పంచ్‌లకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చి, అటవీశాఖ జాబితాలో ఉన్న తుపాకీ లైసెన్సుదారులతో పందులను కాల్పించే అనుమతి ఇచ్చే వీలు కల్పించింది. మాంసం తినకూడదు, పంచకూడదు, కళేబరాన్ని పాతిపెట్టాలి. ఈ షరతు సబబైనదే. మాంసం దక్కుతుందంటే పంట నష్టం లేని ఊళ్ళోనూ పందులు ఎక్కువైపోతాయి.

మనుబోతుకు తెలంగాణలో ఇలాంటి సాధారణ అనుమతి రాలేదు. బిహార్‌లో వచ్చింది. అక్కడి కొన్ని జిల్లాల్లో మనుబోతును, అడవిపందిని ఏడాది పాటు హానికర జంతువులుగా కేంద్రం 2015 డిసెంబరులో ప్రకటించగా, 2016 జూన్‌లో మోకామా ప్రాంతంలో 200కు పైగా మనుబోతులను కాల్చిచంపారు. ఆ పనికి పిలిపించింది హైదరాబాద్‌కు చెందిన షికారీ నవాబ్ షఫత్ అలీ ఖాన్ బృందాన్ని. అప్పటి కేంద్రమంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ ఈ విషయమై బాహాటంగా వాదించుకున్నారు. అంత చేసినా మనుబోతుల తాకిడి ఆగిపోలేదు. చంపిన చోట ఖాళీ అయిన మేతలోకి పక్క మందలు వచ్చి చేరడం ఈ జాతుల స్వభావం.

కాపాడటం, తరలించడం

పులినో, చిరుతనో మత్తు ఇచ్చి బోనులో తరలించడం అలవాటైన పని. దుప్పి, కృష్ణజింక, మనుబోతు అలా కావు. తరిమి పట్టుకున్నప్పుడు వాటి శరీర ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగి, కండరాలు లోలోపల విచ్ఛిన్నమై, ఆ వ్యర్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బయటికి గాయం కనిపించదు. జంతువు కొన్ని గంటల్లోనో, రెండు మూడు రోజుల తరువాతనో చనిపోతుంది. బావిలో పడ్డ దుప్పిని ఊరంతా చేరి ఉత్సాహంగా పైకి తీసి, ఫొటోలు దిగి, ఆటోలో ఎక్కించేసరికి సగం హాని జరిగిపోయి ఉంటుంది. సరైన పద్ధతి చూడటానికి చప్పగా ఉంటుంది: జనాన్ని దూరం పంపి, వల మీద పైకి లాగి, కళ్ళకు గుడ్డ కట్టి, కాళ్ళు మెలిపడకుండా పట్టుకుని, పశువైద్యుడు గాయాలు చూశాక వీలైనంత త్వరగా దగ్గరి అడవి అంచునే వదిలేయడం.

ఉత్తర తెలంగాణలో గిట్టజంతువులు ఎక్కువగా రక్షణకు చిక్కేది మూడు చోట్ల: గోడ లేని వ్యవసాయ బావులు, నిటారు సిమెంటు గోడలున్న కాలువలు, వేసవిలో కుక్కలు తరిమిన ఊరి శివార్లు. మూడూ మనిషి కట్టినవో పెంచినవో. బావికి రెండడుగుల పిట్టగోడ, కాలువకు అక్కడక్కడ వాలుమెట్లు ఉంటే ఈ పిలుపుల్లో చాలా భాగం రావు.

చేనులో ఒంటరిగా కనిపించిన జింకపిల్లను తెచ్చి అటవీశాఖకు అప్పగించడం మరో సాధారణ ఘటన. తల్లి మేతకు వెళ్తూ పిల్లను పొదలో దాచి వెళ్తుంది. అది తప్పిపోయింది కాదు. సీసాపాలతో మనుషుల మధ్య పెరిగిన పిల్లను అడవిలో వదిలితే కుక్కకూ మనిషికీ భయపడదు. అందుకే చివరికి జింకల పార్కుకు చేరుతుంది. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయం పక్కన అలాంటి పార్కు ఉంది. గాయపడినవాటికి హనుమకొండలోని కాకతీయ జంతు ప్రదర్శనశాల, హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల దిక్కు. వాటిలో చోటు పరిమితం, జింకల సంతతి అపరిమితం.

ఆహార జంతువులు తగ్గిన అడవికి ఇతర చోట్ల నుంచి దుప్పులను తేవడం ఇంకో మార్గం. హైదరాబాద్ చుట్టుపక్కల పార్కుల్లో పెరిగిన చుక్కల దుప్పులను కవ్వాల్ పులుల అభయారణ్యానికి తరలించిన సందర్భాలున్నాయి. దీనికి వాడే బోమా పద్ధతి ఆఫ్రికా నుంచి వచ్చింది. గరాటు ఆకారంలో ఎత్తైన తడికెలు కట్టి, గడ్డితో ఆశపెట్టి, కొన్ని రోజుల్లో మందను లోపలికి అలవాటు చేసి, చివరి ఇరుకు నుంచి నేరుగా లారీలోకి నడిపిస్తారు. మనిషి చేయి తగలదు, మత్తుమందు ఉండదు. మధ్యప్రదేశ్ ఈ పద్ధతితో కాన్హా వంటి అడవుల నుంచి దుప్పులను తరలించింది. 2025లో అక్కడి షాజాపూర్ ప్రాంత పొలాల నుంచి వందల కృష్ణజింకలను, కొన్ని మనుబోతులను హెలికాప్టర్‌తో తోలి బోమాలోకి ఎక్కించి అభయారణ్యాలకు పంపారు. పంట కాపాడటం, జంతువును కాపాడటం రెండూ ఒకే పనిలో జరిగిన అరుదైన ఉదాహరణ అది. ఖర్చు మాత్రం ఏ పంచాయతీకీ అందుబాటులో ఉండేది కాదు.

అమెరికా అనుభవం

నెవాడా రాష్ట్రంలో విమానాలతో, ట్రక్కులతో అడవి గుర్రాలను తరిమి పట్టి పెంపుడు జంతువుల ఆహారం తయారీకి అమ్మేవారు. వెల్మా జాన్‌స్టన్ అనే ఉద్యోగిని నడిపిన ఉద్యమంతో 1959లో మోటారు వాహనాలతో తరమడం, నీటిగుంటల్లో విషం కలపడం నిషేధమయ్యాయి. ఉద్యమానికి వేల సంఖ్యలో బడిపిల్లలు రాసిన ఉత్తరాలు బలమిచ్చాయి. 1971 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రభుత్వ భూముల్లోని అడవి గుర్రాలకు, గాడిదలకు పూర్తి రక్షణ ఇచ్చింది. సంఖ్య పెరిగింది, మేత భూమి పెరగలేదు. మిగులు గుర్రాలను పట్టి దత్తత ఇస్తున్నారు, దత్తత కానివాటిని ప్రభుత్వ ఖర్చుతో శిబిరాల్లో పోషిస్తున్నారు. దత్తత పోయిన గుర్రాలు దళారుల చేతుల మీదుగా కబేళాకు చేరుతున్నాయన్న ఫిర్యాదులు తరచూ వస్తాయి.

భారతీయ చట్టం అలా మిగులు జంతువును ప్రైవేటు వ్యక్తికి ఇవ్వదు. దాంతో కబేళాకు చేరే ఆ దారి మూసుకుంది. అయితే మిగులు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు కూడా ఇక్కడ సమాధానం లేదు. అడవిలో పులి, రేచుకుక్క ఉంటే దుప్పుల సంఖ్యను అవే సరిచేస్తాయి. నెవాడాలో గుర్రాలను అదుపు చేసే వేటజంతువు దాదాపు లేదు; కరీంనగర్ పొలాల్లో మనుబోతుకూ లేదు.

ఆశ్రయాలు

ప్రాంతంలో అతిపెద్ద ఆశ్రయం కవ్వాల్. 1965లో అభయారణ్యంగా మొదలై, 1999లో 1972 చట్టం కింద నోటిఫై అయి, 2012లో పులుల అభయారణ్యమయింది. కోర్ ప్రాంతం సుమారు 893 చదరపు కిలోమీటర్లు, చుట్టూ బఫర్ 1,120 చదరపు కిలోమీటర్లకు పైన. జన్నారం దీనికి ముఖద్వారం, కడెం నది జీవనాడి. ఇక్కడ గిట్టజంతువులకు దక్కిన ప్రయోజనం ఎక్కువగా మామూలు పనుల వల్లే: గడ్డి మైదానాలు పెంచడం, వేసవిలో సాసర్ గుంటల్లో ట్యాంకరు నీళ్ళు పోయడం, సోలార్ పంపులు, బేస్ క్యాంపుల్లో ఉండే స్థానిక గోండు, నాయకపోడు యువకుల గస్తీ. ఉచ్చు ఎక్కడ పెడతారో బాగా తెలిసినవాళ్ళు ఉచ్చు తీసే ఉద్యోగంలో ఉండటం మేలు చేసింది. పశువుల మేత ఒత్తిడి, అడవి మధ్య రోడ్ల మీద వాహనాలు ఇప్పటికీ సమస్యలే. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు వస్తున్నాయి, కోర్‌లో మాత్రం నిలకడగా ఉండటం లేదు. ఆహార జంతువుల సాంద్రత తక్కువ కావడం అందుకు చెప్పే కారణాల్లో ముఖ్యమైంది.

చెన్నూరు దగ్గరి ప్రాణహిత అభయారణ్యం 1980లో ఏర్పడింది. 136 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతానికి కృష్ణజింకలే గుర్తింపు. మంథనికి దగ్గరగా గోదావరి ఒడ్డున ఉన్న శివారం మొసళ్ళ కోసం ఏర్పడినా, నీటికి వచ్చే దుప్పులకూ నీడ ఇస్తుంది.

కోర్ ప్రాంతంలోని రాంపూర్, మైసంపేట గూడేలను కడెం మండలం మద్దిపడగ దగ్గరికి తరలించడం కవ్వాల్‌లో తొలి పునరావాసం. కుటుంబానికి 15 లక్షల రూపాయలు గానీ, భూమి, ఇల్లు గానీ ఎంచుకునే అవకాశం ఇచ్చారు. ఖాళీ అయిన పొలాలు గడ్డి మైదానాలైతే దుప్పులకు మేత దొరుకుతుంది. దీన్ని మిగతా గూడేలు ఆశతో కాక అనుమానంతో చూశాయి. ఆ అనుమానం 2025లో బయటపడింది. కవ్వాల్‌ను తాడోబాతో కలిపే దారిలో ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1,493 చదరపు కిలోమీటర్లను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ ప్రభుత్వం మే 30న 49వ నంబరు జీవో ఇచ్చింది. కొత్త ఆంక్షలు వస్తాయని, ఊళ్ళు ఖాళీ చేయిస్తారని, గ్రామసభలను అడగలేదని ఆదివాసీ సంఘాలు బంద్‌లు చేశాయి. ఎవరినీ తరలించబోమని అధికారులు చెప్పినా ఆందోళన సద్దుమణగలేదు. జులైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది.

చేను గట్టు దగ్గర పనికొచ్చే ఉపాయాలు వీటికన్నా చిన్నవి. సోలార్ కంచెలో కరెంటు సెకనుకోసారి క్షణకాలం మాత్రమే పారుతుంది, జంతువు ఉలిక్కిపడి వెనుదిరుగుతుంది కానీ చావదు. రాయితీ మీద ఇచ్చిన చోట రైతులు వాడుతున్నారు, తీగల కింద గడ్డి పెరిగితే పనిచేయదు కనుక వారానికోసారి కోయాలి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేటజంతువుల అరుపులు వినిపించే సౌర పరికరాన్ని రూపొందించారు. శబ్దాల క్రమం మార్చుతూ ఉండకపోతే పందులు వాటికి అలవాటు పడతాయి. అడవి అంచు చేలలో మక్కకు బదులు జంతువులు ముట్టని పసుపు, మిరప వేయడం జగిత్యాల వైపు కొందరు రైతులకు సాధ్యం; నీటి వసతి లేని కెరమెరి, తిర్యాణి గుట్టల్లో అది కుదరదు.